పెట్టేసిన ఫోను

మా ఆఫీసులో వదిన వరండాలోకి వచ్చిందంటే, అప్పటిదాకా గలగలా మాట్లాడుతున్న వాళ్ళంతా ఉన్నట్టుండి ఎండావానల గురించి మాట్లాడేవాళ్ళు. "ఉక్కగా ఉంది కదూ" అని ఒకరు, "అవునవును, సాయంత్రానికి వానొచ్చేలా ఉంది" అని ఇంకొకరు. ఆవిడ దాటి వెళ్ళగానే అసలు మాట మళ్ళీ అందుకునేవాళ్ళు, ఈసారి గొంతు సగానికి తగ్గించి. ఆవిడ చేసిన నేరమల్లా ఆఫీసు ఫోన్లు చూసుకోవడం.

ఆవిడ నాకు వదిన కాదు. ఆవిడ ఆడపడుచు, అంటే మొగుడి చెల్లెలు, మా ఆఫీసులోనే కంప్లయింట్ల గదిలో పనిచేసేది. ఆ పిల్ల రోజంతా "వదినా, వదినా" అంటుంటే విని విని డ్రైవర్ల దగ్గర్నుంచి మేనేజరు దాకా అందరికీ ఆవిడ వదినే అయిపోయింది. వయసులో ఆవిడకంటే చాలా పెద్దవాణ్ణి, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఆవిడేమో నన్ను అన్నయ్యగారూ అనేది. ఆ లెక్కన మా చుట్టరికం ఎటు తిప్పినా తేలదు. మాది లిఫ్టులు బాగుచేసే కంపెనీ. సామాన్ల గది నాది: ఇనుప తాళ్ళు, బోల్టులు, బటన్లు, మోటార్లు. నా గదికీ వదిన కూర్చునే తీగల గదికీ మధ్య ఒక్క చెక్క గోడే అడ్డం. కాబట్టి ఈ సంగతి నాకంటే బాగా చెప్పగలవాళ్ళు లేరు. ఉన్నా వాళ్ళు నిజం చెప్పరు.

ఆ తీగల గది మీరు చూడాలి. కిటికీ ఉండదు. గోడకి నిలువెత్తు ఇనప బీరువా, తలుపు తెరిస్తే లోపల అరలు అరలుగా పెట్టెలు, వాటి నిండా మిణుకు మిణుకుమనే పచ్చ లైట్లు, కిందికి జారిన నీలం తీగలు. మా ఫోన్లకి పాతకాలపు టెలిఫోను తీగ లేదు. కంప్యూటర్లు నడిచే ఇంటర్నెట్టు మీదే ఇవీ నడుస్తాయి. కరెంటూ మాటా రెండూ ఒకే తీగలోంచి వెళ్తాయి. ఏ బల్ల మీద ఏ నంబరు మోగాలి, లిఫ్టులో మనిషి ఇరుక్కున్నాడని ఫోనొస్తే ముందు ఎవరి దగ్గర మోగాలి, వాళ్ళు ఎత్తకపోతే తర్వాత ఎవరి దగ్గర, ఇవన్నీ వదిన తన కంప్యూటర్లో కూర్చుని అమర్చేది. మనిషి గది మారితే ఫోను మోసుకెళ్ళి తీగ గుచ్చితే చాలు, నంబరు వెంట వెళ్తుంది.

వదిన దేన్నీ నమ్మదు. అది ఆవిడ పుట్టుబుద్ధో, పని నేర్పిన బుద్ధో నాకు తెలియదు. పొద్దున్న రాగానే ప్రతి ఫోనుకీ వరసగా చేసి "వినపడుతోందా?" అని అడిగేది. "లైటు వెలుగుతూనే ఉంది కదమ్మా, రోజూ ఈ పరీక్షేంటి?" అని ఒకసారి విసుక్కున్నాను.

"లైటు వెలిగితే కరెంటు వచ్చినట్టు అన్నయ్యగారూ. మాట వెళ్తున్నట్టు కాదు" అంది.

పైగా ఆ పరీక్షకి ఒక పద్ధతి. తను ముందు కట్ చెయ్యదు. అవతలివాళ్ళు ఫోను పెట్టేశాక లైను దానంతటది తెగుతోందా లేదా అని కూడా చూసుకుంటుంది. మనుషుల్ని పేర్లతో కాక నంబర్లతో తలుచుకోవడం ఆవిడకి ఇంకో అలవాటు. కొత్తగా చేరిన డ్రైవరొకడు ఆవిడ ఎవరితోనో "రెండు వందల పన్నెండు పొద్దున్నే చచ్చిపోయింది, రెండు వందల పద్నాలుగు కూడా ఇవాళో రేపో" అనడం విని హడలిపోయి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. ఫోన్లురా నాయనా అని చెప్పి మంచినీళ్ళిచ్చి పంపాను.

ఈ పనికి రాకముందు ఆవిడ ఒక ఆస్పత్రిలో స్విచ్‌బోర్డు దగ్గర ఉండేది. అక్కడ డాక్టర్ల మాటలు, రోగుల ఇంటివాళ్ళ ఏడుపులు అన్నీ ఆవిడ చెవి పక్కనుంచే పోయేవి. ఆవిడకి పని నేర్పిన పెద్దావిడ మొదటిరోజే చెప్పిందట, లైను కలిపిన మరుక్షణం చెవి తీసెయ్యాలి, లేకపోతే ఆ ఇళ్ళ గోలంతా మన ఇంటికొస్తుందని. వదిన ఆ మాట నాకు చాలాసార్లు చెప్పింది. నేను నమ్మాను. ఆఫీసులో మిగతావాళ్ళు నమ్మలేదు. ఎందుకు నమ్మాలి? ఫోన్లన్నీ ఆవిడ చేతిలో ఉన్నాయి, ఆవిడ ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు, ఎవరైనా ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకంలా చూస్తుంది. అనుమానం రావడానికి ఇంకేం కావాలి?

అసలు గొడవ ఎలా మొదలైందో చెప్తాను. మా మేనేజరుకి మాటకి ముందు గొంతు సవరించుకోవడం అలవాటు, అందుకని చాటున ఆయన్ని సవరింపు అనేవాళ్ళం. ఆయన గదిలో తలుపు మూసుకుని యజమానితో మాట్లాడిన మాటలు మధ్యాహ్నానికల్లా భోజనాల గదిలో వినపడటం మొదలైంది. మొదట చిన్నవే. ఫలానా డ్రైవరుని ఇంకో ఊరికి పంపుతారని, అతనికి తెలియకముందే అందరికీ తెలిసింది. తర్వాత కొత్త కుర్చీలు ఏ గదికి ఇవ్వాలో, ఏ గదికి ఇవ్వక్కర్లేదో. ఇవన్నీ నవ్వుకోవడానికి బాగానే ఉన్నాయి. ఆ తర్వాత ఒక రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు. కంప్లయింట్ల గది మూసేసి, ఆ ఫోన్లన్నీ బయటి కంపెనీ ఒకదానికి అప్పజెప్పాలని యజమాని అనుకుంటున్నాడట. ఆ గదిలో ఉన్న ఆడవాళ్ళందరి ఉద్యోగాలూ పోతాయన్నమాట. అందులో వదిన ఆడపడుచు కూడా ఉంది.

కంప్లయింట్ల గదికి పెద్ద ఒకావిడ ఉంది. అందరూ పెద్దక్క అనేవాళ్ళు. మెత్తని మనిషి, మెత్తని గొంతు, ఎవరికి తలనొప్పి వచ్చినా ఆవిడ సంచిలో మాత్ర ఉంటుంది. ఆ మెత్తని గొంతుతోనే భోజనాల గదిలో అంది:

"గోడలకి చెవులుంటాయని ఊరికే అనలేదు. మన గోడలకి వదిన చెవులు పెట్టిందంతే."

అందరూ నవ్వారు. నిప్పు లేనిదే పొగ రాదన్నారు. మీరు గమనించారో లేదో, ఆ రహస్యాలు తెలిసినందుకు అందరికీ లాభమే. కంప్లయింట్ల గదివాళ్ళు వెంటనే యజమాని దగ్గరికి వెళ్ళి మొరపెట్టుకున్నారు, ఆయన ఆలోచిస్తానని వెనక్కి తగ్గాడు కూడా. కానీ లాభం పుచ్చుకున్న నోటితోనే "పెద్దవాళ్ళ మాటలు వినేది మన మాటలు వినదా?" అనడం మొదలుపెట్టారు. సొంత ఫోన్లు పట్టుకుని మెట్ల మీదికి పోయి మాట్లాడేవాళ్ళు ఎక్కువయ్యారు. మా మెట్ల మీద అంత జనాన్ని లిఫ్టు చెడిపోయిన రోజున కూడా నేను చూడలేదు.

సోమవారం సవరింపు వదినని పిలిచాడు. నేను కొత్త బటన్ల పెట్టె మీద సంతకం పెట్టించుకోడానికి వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను కాబట్టి అంతా విన్నాను.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "చూడండమ్మా. నా గదిలో మాట బయటికి పోతోంది. ఫోన్లు మీ చేతిలో ఉన్నాయి. వినేది ఎవరో శుక్రవారం లోపల మీరే తేల్చండి. తేల్చలేకపోతే మీరే అనుకోవాల్సొస్తుంది. తాళంచెవులూ పాస్‌వర్డులూ ఇచ్చేసి వెళ్దురుగాని. ఫోన్లు చూసుకోడానికి బయటివాళ్ళు సిద్ధంగా ఉన్నారు."

"నేను వినలేదు సార్" అంది వదిన.

"అది మీరంటున్నారు."

వదిన తిరిగొచ్చి తీగల గదిలో కూర్చుంది. కాసేపాగి చెక్క గోడ అవతల ముక్కు చీదుకున్న చప్పుడు వినపడింది. వాళ్ళాయన లేతు మిషను పెట్టుకుని చిన్నా చితకా పనులు చేస్తాడు, ఓ నెల ఉంటే ఓ నెల ఉండదు. ఇల్లు నడిచేది ఈ ఇద్దరాడవాళ్ళ జీతాల మీద. అంతకంటే పెద్ద సంగతి, ఇక్కణ్ణుంచి ఇలాంటి పేరుతో వెళ్ళిన మనిషికి ఇంకో ఆఫీసులో ఫోన్ల పని ఎవరిస్తారు? చెవులు మంచివి కావన్న పేరు పడ్డాక ఆ పనికి పనికిరారు. ఈ మాట ఆవిడే నాతో అంది.

ఇక అక్కణ్ణుంచి వదిన అనుమానం చూడాలి. ఆఫీసంతా ఆవిణ్ణి అనుమానిస్తోందా, ఆవిడ ఆఫీసంతటినీ అనుమానించింది. కొత్తగా చేరిన అమ్మాయిలు కస్టమర్లతో ఎలా మాట్లాడుతున్నారో పెద్దక్క చాటుగా వినడానికి ఫోన్లలో ఒక ఏర్పాటు ఉండేది. దాన్ని వదినే ఎప్పుడో ఆపేసింది, ఆగిందో లేదో మళ్ళీ చూసుకుంది. మేనేజరు నంబరు ఇంకెక్కడైనా రెండో ఫోనులో కూడా మోగుతోందేమో వెతికింది. ఆయన గదిలోకి ఫోను తుడుస్తానని వెళ్ళి బల్ల కిందా పైనా చూసింది. మంగళవారం నా గదికొచ్చి నా ఫోను తిరగేసి మరగేసి చూసి, "అన్నయ్యగారూ, ఈ గోడకి మీరేమైనా కన్నం పెట్టారా?" అని అడిగింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "కన్నం పెట్టే అలవాటుంటే సామాన్ల గదిలో ఎందుకుంటానమ్మా, బ్యాంకులో ఉండేవాణ్ణి" అన్నాను. ఆవిడ నవ్వలేదు. ఒక చిన్న టార్చిలైటు వేసి గోడంతా చూసుకుని మరీ వెళ్ళింది. ఆ సాయంత్రం నేను కూడా ఆవిడతో మాట్లాడలేదు.

ఇంత వెతికినా ఏమీ దొరకలేదు. అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి. ఫోన్ల తప్పేమీ లేనప్పుడు తప్పు మనిషిది కావాలి, ఫోన్లు ముట్టుకునే మనిషి తనొక్కతే. ఆ లెక్క ఎవరు చేసినా ఆవిడ దగ్గరికే వచ్చి ఆగుతుంది. మొత్తం ఆఫీసులో తన వైపు ఉన్నది ఆడపడుచు ఒక్కతే అనుకుంది వదిన. పెళ్ళయి ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పుడు ఆ పిల్ల బడికి వెళ్తుండేది. జడ వేసింది, లెక్కలు చెప్పింది, చివరికి ఈ ఉద్యోగం కూడా వదిన మాట మీదే వచ్చింది. "అది నా మనిషి" అనేది నాతో.

బుధవారం సంగతి వదిన తర్వాత చెప్పింది, నవ్వుతూ మాత్రం కాదు. మధ్యాహ్నం తన గదిలోంచే కంప్లయింట్ల గది ఫోన్లని ఒక్కోటీ మళ్ళీ పరీక్షిస్తూ ఆడపడుచు నంబరుకి చేసింది.

"వినపడుతోందా?"

"వినపడుతోంది వదినా. ఎన్నిసార్లు చేస్తావు? పనిలో ఉన్నాను. పెట్టేస్తున్నా."

రిసీవరు పెట్టిన చప్పుడు టక్కున వినపడింది. వదిన తన పద్ధతి ప్రకారం లైను తెగేదాకా ఆగింది. తెగలేదు. తన ఫోను మీద అంకెలు నడుస్తూనే ఉన్నాయి. ఆ వెనకే పెద్దక్క గొంతు, కొంచెం దూరంగా, స్పష్టంగా.

"ఏమిటట మీ వదిన?"

"ఏముంది, చెకింగట. దొంగే తాళం కప్పలు తనిఖీ చేస్తున్నట్టుంది."

"తప్పమ్మా. ఇంట్లో మనిషిని అలా అనచ్చా?"

"ఇంట్లో ఉన్నాను కాబట్టే తెలుసు పెద్దక్కా. నేను తలుపేసుకుని మాట్లాడినా మర్నాటికి ఆవిడకి తెలిసిపోతుంది. ఆవిడే వింటోంది, నాకేం అనుమానం లేదు. ఆవిణ్ణి తీసేస్తే సార్ మనసు కుదుటపడి మన గది జోలికి రాడేమో. శుక్రవారం నన్నడిగితే ఉన్నదున్నట్టు చెప్పేస్తా."

చెవి తీసెయ్యాలని వదినకి తెలుసు. ఇన్నేళ్ళూ తీసింది. ఆ రోజు తియ్యలేకపోయింది. ఊపిరి కూడా గట్టిగా పీల్చకుండా, ఆ గదిలో ఇంకో ఫోను మోగి వాళ్ళు పనిలో పడేదాకా విన్నది. తర్వాత తనే కట్ చేసి, లేచి ఆ బీరువా ముందుకి వెళ్ళింది. ముందు ఏడుపొచ్చింది. ఆ పిల్ల మీద పట్టలేనంత కోపం వచ్చింది. ఆ కోపం మధ్యలో, రిసీవరు పెట్టాక కూడా లైను ఎందుకు తెగలేదన్న ప్రశ్న వచ్చింది.

సమాధానానికి దూరం వెళ్ళక్కర్లేకపోయింది. రిసీవరు చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడుతూ, రెండు చేతులూ ఖాళీ కావాలని స్పీకరు మీట నొక్కారనుకోండి, మాట స్పీకర్లోకి మారుతుంది. ఆ తర్వాత రిసీవరు కింద పెట్టినా ఫోను తెగదు, స్పీకర్లో నడుస్తూనే ఉంటుంది. ఎర్ర మీట నొక్కాలి. లేదా అవతలివాళ్ళు కట్ చెయ్యాలి. పనిలో ఉన్న ఆడపడుచు చేసిందదే. మనకేమో పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ఫోను ముగించడమంటే పెట్టెయ్యడమే. పెట్టేశాక ఇక అది అయిపోయినట్టే. కొత్త ఫోన్లు వచ్చిన రోజు అందరినీ కూర్చోబెట్టి "మీ పాత ఫోన్లాగే, ఎత్తితే మాట్లాడొచ్చు, పెట్టేస్తే అయిపోతుంది" అని నేర్పింది సాక్షాత్తూ మా వదినే. సవరింపుకి కూడా.

ఆ రోజు సాయంత్రం వాళ్ళింట్లో ఏం జరిగిందో అప్పటికి నాకు తెలియదు. మర్నాడు ఇద్దరూ ఎప్పట్లాగే ఒకే బస్సు దిగి వచ్చారు. గురువారమంతా వదిన ఎవరికీ ఫోను చేసి వినపడుతోందా అని అడగలేదు. అదే నాకు వింతగా తోచింది.

శుక్రవారం సవరింపు గదిలో ఆయన కుర్చీలో, ఎదురుగా వదిన, గోడ వారగా పెద్దక్క, ఆడపడుచు, నేను. సాక్షులన్నమాట. నన్నెందుకు పిలిచారయ్యా అంటే తీగల గదికి రెండో తాళంచెవి నా దగ్గరుంటుంది కనక.

సవరింపు గొంతు సవరించుకుని, ఆడపడుచు వైపు తిరిగాడు. "మీరు చెప్పండమ్మా. ఇంట్లోనూ ఆఫీసులోనూ రెండుచోట్లా చూస్తున్నారు కదా."

ఆ పిల్ల నోరు తెరిచింది. వదిన చప్పున అడ్డం పడింది. "ఒక్క నిమిషం సార్. ముందు నేను ఒకటి చూపించాలి. తర్వాత ఎవరేం చెప్పినా వింటాను."

నన్ను నా గదికి వెళ్ళమంది. సార్ ఫోను చేస్తారు, ఎత్తి అరల్లో ఏమేం ఉన్నాయో చదవండి, నేను వచ్చి చెప్పేదాకా మీరు మాత్రం పెట్టొద్దు అంది. సరే అని వెళ్ళాను. ఫోను మోగింది. ఎత్తి బోల్టుల దగ్గర మొదలుపెట్టాను. "ఉండండి, రాసుకోవాలి" అని ఆయన ఏదో నొక్కాడు, గొంతు డబ్బాలోంచి వస్తున్నట్టు మారింది. నాలుగు మాటలు చదివానో లేదో "ఆఁ చాలు చాలు, సరే" అన్నాడు. టక్. పెట్టేశాడు. నేను పెట్టలేదు.

"ఏంటమ్మా ఈ తమాషా?" అంటున్నాడు. నాకు శుభ్రంగా వినపడుతోంది. "ఆయన చదివిందేమిటి, నేను రాసుకున్నదేమిటి? అసలు ఆ సామాన్ల గదాయన లెక్క ఒక్కటీ నేను నమ్మను. సగం బోల్టులు ఆయన ఇంటి తలుపులకే ఉంటాయి."

మీకు చెప్తున్నాను, మా ఇంటి తలుపులు నేను సొంతంగా కొన్న బోల్టులతోనే బిగించాను. వదిన వచ్చి చెప్పేదాకా ఆగమంది కానీ నావల్ల కాలేదు. ఫోనలా వదిలేసి తిన్నగా ఆ గదిలోకి వెళ్ళి, "సార్, ఇవాళ సాయంత్రం మా ఇంటికి రండి. తలుపులు చూపిస్తాను. ఒక్కో బోల్టూ మీరే లెక్కపెట్టుకోండి" అన్నాను.

ఆయన మొహం చూడాలి. నన్ను చూశాడు, ఫోను చూశాడు. "నేను పెట్టేశాను కదా!"

"పెట్టారు సార్. కట్ చెయ్యలేదు" అంది వదిన.

"పెట్టడమంటే కట్ చెయ్యడమేగా?"

"పాత ఫోన్లో సార్. ఇందులో స్పీకరు నొక్కాక కాదు. పెట్టేస్తే అయిపోతుందని మీకు తప్పు నేర్పింది నేనే. అది నా పొరపాటు. వినడం మాత్రం నేను చెయ్యలేదు."

ఆయన మెల్లగా పెద్దక్క వైపు తిరిగాడు. నేనూ తిరిగాను. ఎందుకంటే రోజూ పొద్దున్న యజమాని వచ్చే వేళకి ఆయన చేసే ఆఖరి ఫోను ఆవిడకే. ఎన్ని కంప్లయింట్లు మిగిలాయో అడిగి, స్పీకరు నొక్కి రాసుకుని, పెట్టేసి, యజమానితో మాటల్లో పడతాడు.

పెద్దక్క తేలు కుట్టిన దొంగలా నిలబడింది. తర్వాత అదే మెత్తని గొంతుతో అంది, "పెద్దవారు మీరు. మీరు పెట్టకుండా నేనెలా పెడతాను సార్? మర్యాద కాదు కదా."

పై అధికారి ముందు ఫోను పెట్టేదాకా కిందివాళ్ళు ఆగడం మన దగ్గర చిన్నా పెద్దా అందరూ పాటించేదే. ఆయన కూడా యజమానితో మాట్లాడేటప్పుడు అలాగే ఆగుతాడు. గొంతు సవరించుకున్నాడు, మళ్ళీ సవరించుకున్నాడు, అందరినీ వెళ్ళమన్నాడు. గడప దాటాక నేను ఊరుకోలేక, "మర్యాదకి అయితే, ఇన్నాళ్ళూ వాళ్ళ గది చప్పుడొక్కటీ సార్ స్పీకర్లో వినపడకుండా మ్యూటు ఎందుకు నొక్కినట్టో" అన్నాను గట్టిగానే. పెద్దక్క విననట్టు వెళ్ళిపోయింది. వదిన మాత్రం నా వైపు చూసి, "వదిలెయ్యండి అన్నయ్యగారూ. ఒకసారి మాట చెవిలో పడ్డాక చెవి తియ్యడం అంత తేలిక కాదు" అంది. ఆవిడ అలా ఎందుకందో అప్పుడు నాకు బోధపడలేదు.

ఉద్యోగం నిలబడింది. ఆ సాయంత్రమే వదిన బల్ల బల్లకీ తిరిగి "పెట్టడం కాదు, ఎర్ర మీట నొక్కి కట్ చెయ్యాలి" అని అందరిచేతా నొక్కించింది. వరండాలో జనం మళ్ళీ మామూలు గొంతుతో మాట్లాడారు. కొందరు వచ్చి, మాకు ముందే తెలుసు వదినా అన్నారు. వదిన వాళ్ళందరికీ తల ఊపింది.

తిరుగు బస్సులో వదినకీ ఆడపడుచుకీ పక్కపక్కన సీట్లు దొరికాయి. ఇదీ వదిన తర్వాత చెప్పిందే. ఆడపడుచు ఉత్సాహం పట్టలేకపోతోంది.

"ఏం చూపించావు వదినా! సార్ మొహం మాడిపోయింది. నువ్వు కాదని నాకు మొదట్నుంచీ తెలుసు. మా గదిలో అందరితో పోట్లాడాను తెలుసా? నీ మీద ఒట్టు."

వదిన టిక్కెట్టు మడతపెట్టి సంచిలో పెట్టుకుంది.

"ఇంతకీ ఎలా కనిపెట్టావు చెప్పవూ?"

చెప్పకుండా ఉందామనే అనుకుందట. ఆ ఒట్టు వెయ్యకుండా ఉంటే చెప్పేది కాదేమో. "బుధవారం నీకు ఫోను చేశాను కదా" అంది. "నువ్వు పెట్టేశాక కనిపెట్టాను."

ఆ పిల్లకి అర్థం కావడానికి ఒక స్టాపు పట్టింది. అర్థమయ్యాక మొహం పాలిపోయింది. "ఎంతవరకు విన్నావు?"

"అంతా విన్నాను. సార్ అడిగితే చెప్పేస్తానన్నావే, అది కూడా."

సిగ్గుపడ్డ మనిషి ముందు కోపం తెచ్చుకుంటుంది. ఆడపడుచు కూడా అంతే. "అయితే వింటావన్నది అబద్ధమేం కాదుగా! విన్నావుగా!"

"విన్నాను. ఇన్నేళ్ళలో ఒక్కసారే విన్నాను. ఆ ఒక్కసారీ నా సొంత మనిషి నా గురించే మాట్లాడుతోంది" అంది వదిన.

ఆడపడుచుకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఉద్యోగం పోతుందేమోనని భయమేసింది వదినా, భయంతో నోటికొచ్చింది అనేశాను అంది. దిగాల్సిన స్టాపు దగ్గర పడుతుంటే ఆ పిల్ల చాలా చిన్న గొంతుతో అడిగింది.

"మరి ఆ రాత్రి నాకు అన్నం ఎలా పెట్టావు వదినా?"

"కోపంగానే పెట్టాను" అంది వదిన. "నువ్వే చేతిలో ఫోను చూసుకుంటూ తిన్నావు. నా మొహం చూడలేదు."